హోంవర్కు గుండు

ఇప్పుడు కాస్త నిదానం వచ్చిందని మా ఇంట్లోవాళ్లు నా మొహం మీద అబద్ధం చెబుతుంటారు గానీ, కొత్తగా టీచరుద్యోగంలో చేరిన ఆ రోజుల్లో నా కాలు ఒకచోట నిలిచేది కాదు. పూతలపట్టులో పొద్దున్నే బస్సెక్కే ముందు దోసె కూడా నిలబడే తినేదాన్ని. "ఒక తావున కూసోని తినుమ్మా, బస్సు యాడికీ పోదు" అని నాయన మొత్తుకునేవాడు. (బస్సు పోయేది. స్కూటరు మీద దాన్ని వెంటాడి నన్నెక్కించేదీ నాయనే.)

మాది తిరుపతి శివార్లలో ఇంటర్నేషనల్ ప్రైమరీ స్కూలు. ఆ ఇంటర్నేషనల్ అన్న మాటనంతా మోస్తున్నది మూడో తరగతిలో ఉన్న ఒకే ఒక్క కొరియా పిల్లవాడు. వాళ్ల నాన్న ఇక్కడ ఫ్యాక్టరీలో మేనేజరు. విదేశీ పిల్లలకు మన ఊరినీ భాషనీ అలవాటు చేసే కార్యక్రమం నా నెత్తిన పెట్టారు. ఒక్క పీరియడ్‌లోనే పాట, బొమ్మ, ఆట, ముగ్గు అన్నీ ముగించేయాలని బెంచీల మధ్య బొంగరంలా తిరిగేదాన్ని. ఆ పిల్లవాడు నోరు విప్పేవాడు కాదు, నా వెంట మెడ మాత్రం అటూ ఇటూ తిప్పేవాడు. వాళ్లు వేరే స్కూలు చూస్తున్నారని తెలిసి ప్రిన్సిపాల్ సార్ నన్ను పిలిచారు. "ఆ పిల్లోడు పోతే బోర్డు మీద ఇంటర్నేషనల్ అన్న మాట తుడిపేయాల్సొస్తాదమ్మా. నీ ఉద్యోగం సంగతి కూడా సూసుకో" అన్నారు. ఆ నెలతోనే నా ప్రొబేషన్ ముగుస్తుంది. ఇక నాకు నిద్రెక్కడిది?

పిల్లల్ని అలిపిరికి తీసుకెళ్లాను. అక్కడ భక్తుల గుండ్లు చూసి వాడి కళ్లు ఇంతింతయ్యాయి, ఎందుకన్నట్టు మొదటిసారి నన్ను చెయ్యి తిప్పి అడిగాడు. నా ఆనందం చెప్పనలవి కాదు. స్వామిని ఒక కోరిక కోరుకుని జుట్టు ఇచ్చేస్తారని అభినయం చేసి మరీ చెప్పాను. అక్కడితో ఆగితే నేను నేనెందుకవుతాను? ఇంట్లో పెద్దవాళ్లతో కలిసి ఈ ఊరి ఆచారం ఒకటి చేసి రమ్మని హోంవర్కు కూడా ఇచ్చాను.

సోమవారం ఒకమ్మాయి ముగ్గు ఫొటో తెచ్చింది, ఇంకొకడు ఊరగాయ తెచ్చాడు. అంతలో మా స్కూలు ఆయమ్మ చీపురు పడేసి పరిగెత్తుకొచ్చింది. "మిస్సమ్మా, మన కొరియా అబ్బోడు గుండు కొట్టించుకోని వచ్చినాడు. వాళ్ల నాయన కూడా."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ప్రిన్సిపాల్ గదిలో తండ్రీకొడుకులు నున్నటి గుండ్ల మీద గంధంతో పక్కపక్కనే కూర్చుని ఉన్నారు. నేను మాత్రం బీరువాకీ కిటికీకీ మధ్య తిరుగుతున్నాను. తండ్రి లేచి, నడుం వంచి నమస్కరించి, హోంవర్కు పూర్తయిందని ఇంగ్లీషులో వినయంగా చెప్పాడు. (వాళ్లావిడకు మినహాయింపు ఇస్తారా అని కూడా అడిగాడు.) కొండకెళ్లి వరుసలో నిలబడి మరీ చేయించుకొచ్చారట. సారుకు నవ్వాలో ఏడవాలో తెలియక, "స్వామిని ఏం కోరుకున్నావప్పా?" అని పిల్లవాణ్ణి అడిగారు.

ఇల్లు మార్చమనో, స్కూలు మార్చమనో అంటాడేమోనని నా తిరుగుడు ఇంకా ఎక్కువైంది. వాడు నన్ను చూశాడు, ఖాళీ కుర్చీని చూశాడు. తోటి పిల్లల దగ్గర నేర్చుకున్న తెలుగులో నెమ్మదిగా అన్నాడు.

"మిస్సు కూసోవల్ల."

కూర్చున్నాను. వాడు తన కుర్చీ నా పక్కకు లాక్కుని, క్షౌరం కత్తి గురించీ చన్నీళ్ల గురించీ వచ్చీరాని తెలుగులో బెల్లు కొట్టేదాకా చెప్పాడు. ఆ ఏడాదంతా నేను కూర్చుంటేనే మాట్లాడేవాడు. వేరే స్కూలు మాట వాళ్లింట్లో మళ్లీ రాలేదు. నా ఉద్యోగమూ నిలిచింది.

పాపం, వాడు అంత జుట్టిచ్చి కోరుకున్న కోరికను స్వామి తీర్చాడు గానీ ఆ తర్వాత నేనే నిలబెట్టుకోలేకపోయాను. ఇది కూడా వంటింటి గట్టు దగ్గర నిలబడే రాస్తున్నాను. కుర్చీ పక్కనే ఉంది. ఈ ఒక్క వాక్యం అయ్యాక కూర్చుంటాను.