తడిసిన చీర ముడి

అండమాన్‌లో సముద్రంలో నిలబడితే కాలి గోళ్లు కనిపిస్తాయి. ఎవరైనా చెప్పి ఉంటే నేను నమ్మేదాన్ని కాదు. ముప్పై ఏళ్లుగా సూరత్‌లో ఉంటున్నా నేను చూసిన సముద్రం డుమ్మస్ ఒక్కటే. అక్కడ నల్ల ఇసుక, బురద నీళ్లు, టమాటా భజ్జీల బండ్లు. జనం ఒడ్డున కూర్చుని తిని లేచి వస్తారు. ఇక్కడ చూస్తే ఆడా మగా అందరూ నీళ్లలోనే. ఒంటి మీద బట్ట ఉన్నదో లేదో అన్నట్టున్న ఆడపిల్లలు నా ముందు నుంచే పోతుంటే తల ఎటు తిప్పుకోవాలో తెలియలేదు.

మా అబ్బాయి చీరల దుకాణంలో సూపర్‌వైజర్. దీపావళికి దుకాణం సేఠ్ బోనస్ డబ్బు చేతిలో పెట్టకుండా ఇంటిల్లిపాదికీ ఈ ప్రయాణానికి టికెట్లు తీశాడు. డబ్బు చేతికి రాలేదన్న కోపంతో నాలుగు రోజులు నేను ఎవరితోనూ మాట్లాడలేదు. నా పేరు మీద తీసిన టికెట్ వాపసు కాదన్నారు. అది పాడవుతుందనే బయలుదేరాను.

పడవలో కడుపు తిప్పి అబ్బాయి గదిలో పడుకుండిపోయాడు. ఒడ్డుకు కోడలు, ఏడేళ్ల మనవరాలు, నేను వచ్చాం. ఒకతను నీళ్లలో తేలడానికి వేసుకునే గాలి జాకెట్లు కిరాయికి ఇస్తున్నాడు.

"పిల్లకు ఒకటి తీస్కుందాం అత్తమ్మా," అంది కోడలు.

"ఎందుకు? మోకాళ్ల లోతు నీళ్లకు కిరాయా? నా దగ్గర తాడు లేదా?"

తాడంటే చీరలే. సూరత్‌లో మేముండే నవాగామ్‌లో ఇంట్లోనే నేను చీరల పని చేస్తాను. వేలాడే దారాలు కత్తిరించి, మడత పెట్టి కట్టలు కడతాను. రంగు మరక పడ్డవి దుకాణం వాళ్లు మాకే వదిలేస్తారు. ఇసుకలో పరుచుకోవడానికి అలాంటివి రెండు తెచ్చాను, ఒకటి గులాబీ, ఒకటి పచ్చ. రెంటినీ మెలితిప్పి కొసకు కొస ముడి వేశాను. గులాబీ చీర చివర పిల్ల నడుముకు నాలుగు ముళ్లు. పచ్చ చీర చివర నా మణికట్టుకు.

రెండు చీరలనూ కలిపిన ఆ ముడి నేను ఊరికే వేసింది కాదు. మాది నేత ఇల్లు. మూడో తరగతిలో బడి మాన్పించి నన్ను కండెలు చుట్టడానికి కూర్చోబెట్టారు. తెగిన పోగును అతికే ముడి మా నాన్న నేర్పాడు. నీళ్లు తగిలితే ఇంకా బిగుస్తుంది, లాగితే పోగు తెగాలే గాని ముడి ఊడదు అనేవాడు.

"బాపమ్మా, నన్ను కుక్కపిల్ల లెక్క కట్టినవ్," అంది మనవరాలు. కోడలు నవ్వాపుకుంది.

"నవ్వకుర్రి. జర దూరమే పో," అన్నాను.

పిల్ల మోకాళ్ల లోతులో గంతులేస్తోంది. నేను ఇసుకలో కూర్చుని చీర వదులుతూ లాగుతూ ఉన్నాను. అల ఒకటి కొంచెం పెద్దది వచ్చింది. అది వెనక్కి పోతున్నప్పుడు పిల్ల కాళ్ల కింద ఇసుక కూడా పోయినట్టుంది, కూలబడింది. నేను గట్టిగా లాగాను.

చీర తేలిగ్గా వచ్చేసింది.

చేతిలోకి వచ్చిన పచ్చ కొసను చూశాను. ముడి లేదు. ఎప్పుడూ ముడే వేయనట్టు నున్నగా, నీళ్లు కారుతూ ఉంది. తల ఎత్తేసరికి గులాబీ చీర నీళ్ల మీద పొడుగ్గా పరుచుకుని లోపలికి పోతోంది. దాని చివర పిల్ల తల ఒకసారి కనిపించి మునిగింది. చీర కాళ్లకు చుట్టుకుంటోంది. నేను కట్టిందే దాన్ని లాగుతోంది. కోడల్ని పిలవాలని పక్కకు తిరిగాను.

పక్కన కోడలు లేదు. చున్నీ మాత్రం ఇసుకలో ఉంది, ఆమె నీళ్లలోకి ఉరుకుతోంది. నడుము లోతు దాకా పోయి అక్కడ నిలబడి ఏడుస్తుంది, లేదంటే ఇద్దరూ పోతారు అనుకున్నాను. ఆమె నీళ్ల మీద పడుకుంది. చేతులు ఒకదాని తర్వాత ఒకటి వేస్తూ, మొహం ముంచుతూ తేలుతూ, తొందర లేకుండా పోయింది. సల్వార్ కమీజులో. మా ఇంట్లో రోటీలు చేసే మనిషి.

పిల్లను వెల్లకిలా పట్టుకుని తెచ్చింది. పిల్ల ఉప్పునీళ్లు కక్కి ఏడ్చింది. నడుము దగ్గర నాలుగు ముళ్లు మాత్రం ఊడలేదు. కోడలు పళ్లతో లాగి విప్పింది. నా వైపు చూడలేదు.

నేనే అడిగాను. "యాడ నేర్చినవే ఈత?"

"కుట్టు క్లాసుల అత్తమ్మా."

"ఏంది?"

"మంగళారం, శుక్రారం కుట్టు క్లాసని పోతున్న గద. అడాజన్‌ల ఈత కొలను ఉంది. ఆడోళ్లకు వేరే టైమ్."

"ఎన్నాళ్లసంది?"

"ఏడాది దాటింది."

ఏడాదిగా ఈమె ఒక్క జాకెట్టు కుట్టింది లేదు. వారానికి రెండుసార్లు తలంటు పోసుకున్నట్టు తడి జుట్టుతో వచ్చేది. క్లాసుకు పోయే ముందు తలంటుకుందనుకుని, సబ్బు దండగ అని నేను తిట్టేదాన్ని.

"మా వానికి ఎరుకనా?"

"ఆయనే బండి మీద దింపుతడు."

నా కొడుకూ దాచాడన్నమాట. "నాకెందుకు చెప్పలే?"

"చెప్తే పోనిస్తుంటివా?"

నేను పచ్చ చీర అందుకుని నీళ్లు పిండాను.

ఇంటికొచ్చాక బకెట్లో నీళ్లు పట్టి పాత నూలు చీరకు ఒక ముడి, అండమాన్ తీసుకుపోయినలాంటి పాలిస్టర్ చీరకు ఒక ముడి వేసి ముంచాను. నూలుది గోటితో కూడా రాలేదు. పాలిస్టర్‌ది రెండుసార్లు లాగితే జారింది. ముప్పై ఏళ్లు ఈ బట్ట నా చేతుల మీదుగా పోయింది. దాన్ని పొడిగా మడవడమే గాని తడిపి చూసింది లేదు. మా నాన్న నూలు గురించి చెప్పిన మాటను దీనికి అంటగట్టి, దాని చివర పిల్లను కట్టాను.

శుక్రవారం వచ్చింది. క్లాసు వేళ దాటుతున్నా కోడలు బెండకాయలు తరుగుతూ కూర్చుంది. కత్తెర, టేపు పైకి కనిపించేలా పెట్టుకుని తీసుకుపోయే సంచి గోడకే వేలాడుతోంది.

"ఇయాల క్లాసు లేదా?" అన్నాను.

ఆమె కత్తి ఆపింది. "ఉంది."

"మరి పో. బెండకాయలు నేను కోస్త. పిల్లను గూడ తీస్కపో, అది కూడ కుట్టు నేర్సుకుంటది."

ఆమె నా మొహం చూసింది. నేను బెండకాయల పళ్లెం ముందుకు లాక్కున్నాను. కాసేపటికి సంచి గోడ మీద లేదు. మెట్ల మీద మనవరాలి చెప్పుల చప్పుడు కిందికి దిగిపోయింది.

కూర పొయ్యి మీద పెట్టి చీరల కట్ట ముందేసుకున్నాను. వాళ్లు తడి జుట్లతో తిరిగొచ్చేదాకా ఒక్క చీర కూడా మడత పెట్టలేకపోయాను.