మావయ్యగారు పోపు పక్షాన నిలబడిన చలికాలం

మా మావయ్యగారు అమెరికాకు వచ్చి ఫ్రిస్కోలో మాతో ఉన్న ఆ ఆరు నెలలూ మా డైనింగ్ టేబుల్ మీద అన్నం కంటే ముందు మూడో శతాబ్దం వడ్డన అయ్యేది. గుంటూరు దగ్గర పాస్టర్లను తయారుచేసే కాలేజీలో ఆయన క్రైస్తవ సంఘ చరిత్ర చెప్పి రిటైరయ్యారు. రిటైరైంది ఉద్యోగం నుంచే, పాఠం నుంచి కాదు. నేను ఆఫీస్ కాల్ మ్యూట్‌లో పెట్టి కూర కలుపుతుంటే పక్కన స్టూలు మీద కూర్చుని మొదలుపెట్టేవారు. అప్పుడు విసుక్కునేదాన్ని. ఆయన పోయాక ఆ వంటగదిలో నిశ్శబ్దం నాకు ఇప్పటికీ అలవాటు కాలేదు.

ఆయనకు అన్నిటికంటే ఇష్టమైన తగాదా ఒకటుంది. ఒకవైపు రోమాలో పోపు, మరోవైపు సముద్రానికి అవతల ఆఫ్రికాలో కార్తేజ్ బిషప్. సంఘం వెలివేసినవాళ్ల దగ్గర బాప్తిస్మం తీసుకున్న మనిషి తర్వాత సంఘంలోకి వస్తే, అతనికి మళ్లీ బాప్తిస్మం ఇవ్వాలా? ఇచ్చి తీరాలి, బయట జరిగింది అసలు బాప్తిస్మమే కాదన్నాడు బిషప్. అక్కర్లేదు, తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి చేర్చుకుంటే చాలన్నాడు పోపు. బిషప్ తనవాళ్లతో సభలు పెట్టి రోమాకు మనుషుల్ని పంపాడు. పోపు వాళ్ల మొహం చూడలేదు సరికదా, ఎవరూ వాళ్లకు ఇంట్లో చోటివ్వొద్దని చెప్పాడట. ఈ మాట రాసిపెట్టింది బిషప్ పక్షంవాళ్లే అనుకోండి.

"తీర్పు బానే చెప్పాడమ్మా. మర్యాదే తెలీలేదు" అనేవారు మావయ్యగారు. ప్రొటెస్టెంటు మనిషి, ఒక పోపును ఆ మాత్రం మెచ్చుకోవడమే ఎక్కువ.

ఆదివారం మధ్యాహ్నాలు తెలుగు ఆరాధనకు వెళ్లేవాళ్లం. అద్దెకు తీసుకున్న స్కూల్ కెఫెటేరియా, మడత కుర్చీలు, వెనక టేబుళ్ల మీద రేకు ట్రేలలో బిర్యానీ. ప్రసంగం సాగే కొద్దీ ఆ వాసన భక్తిని పరీక్షించేది. పిల్లలు అమెరికన్ యాసలో తెలుగు వాక్యాలు అప్పజెబుతుంటే ఆంటీలు మురిసిపోయేవారు. ఇప్పుడు ఆ సంఘానికి సొంత బిల్డింగ్ ఉంది, పెద్ద పెద్ద స్క్రీన్‌లు ఉన్నాయి. నాకు మాత్రం ఆ కెఫెటేరియానే కావాలనిపిస్తుంది.

అయితే అది ముంచుడు బాప్తిస్మం సంఘం. పెద్దయ్యాక నీళ్లలో మునిగి లేచినవాళ్లకే ప్రభువు బల్ల దగ్గర, యేసు చివరి భోజనానికి గుర్తుగా పంచే రొట్టె ఇస్తారు. నేను అలాంటి సంఘంలోనే పెరిగాను. మా ఆయన పెళ్లికోసం మునిగాడు, ఆ సంగతి మావయ్యగారు ఏనాడూ ఎత్తలేదు. ఆయనకు మాత్రం పాత మిషన్ సంఘంలో పసివాడిగా ఉన్నప్పుడే తల మీద నీళ్లు చిలకరించారు. ఆ తర్వాత స్వయంగా పాస్టరై, ఎన్నో ఏళ్లు తన చేత్తో రొట్టె విరిచి పంచిన మనిషి.

మొదటిసారి రొట్టె పళ్లెం మా వరసలోకి వచ్చినప్పుడు ఆయన చెయ్యి చాపారు. పళ్లెం తెచ్చిన సంఘ పెద్ద కాస్త ఇబ్బందిగా నవ్వి, ఆయన్ని దాటించి నాకు అందించాడు. మావయ్యగారు ఆ చేతిని మెల్లగా వెనక్కి తీసుకుని మోకాలి మీద పెట్టుకున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది.

మా పాస్టరు ముప్పై ఐదేళ్ల నెల్లూరు కుర్రాడు. వారమంతా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, ఆదివారం ప్రసంగం. ఆరాధన అయ్యాక మా దగ్గరికి వచ్చాడు.

"అంకుల్, చిన్నప్పుడు మీకు తెలీకుండా ఇచ్చిన బాప్తిస్మం కదా. ఒక్కసారి నీళ్లలో తీసుకుంటే ఏ ప్రాబ్లమూ ఉండదు."

"ఈ వయసులో నాకెందుకులెండి బాబూ. చూద్దాం" అన్నారు మావయ్యగారు.

మన పెద్దవాళ్లు ఎదుటి మనిషి మొహం మీద వద్దని చెప్పరు. చూద్దాం అంటారు. మేం దాన్ని వద్దు అనే అర్థం చేసుకున్నాం. సంఘం మాత్రం పాపం ముసలాయన చలికి భయపడుతున్నాడనుకుంది. డిసెంబరు వచ్చేసింది మరి. పళ్లెం తెచ్చిన ఆ పెద్దాయన ఇంటి వెనక స్విమ్మింగ్ పూల్ ఉంది. ఆయన రెండు రోజుల ముందే హీటర్ ఆన్ చేశాడు. ఆయన భార్య తెల్ల పైజమా, లాల్చీ కొంది. ఇంకో ఆంటీ ఫ్లాస్క్‌లో శొంఠి కాఫీ పట్టుకొస్తానంది. శనివారం పొద్దున పాస్టరు ఫోన్ చేసి, "అన్నీ రెడీ చేశాం. అంకుల్‌ని చలి గురించి వర్రీ అవ్వొద్దని చెప్పండి" అన్నప్పుడు గానీ మాకు సంగతి తెలియలేదు.

"మీరు వద్దంటే కారు తిప్పేస్తాను మావయ్యా" అన్నాను దారిలో.

"మనకోసం వండుకుని కూర్చున్నారమ్మా. గుమ్మం దాకా వెళ్లకపోతే ఏం బావుంటుంది?"

పూల్ మీద ఆవిరి లేస్తోంది. పాస్టరు అప్పటికే నడుములోతు నీళ్లలో నిలబడి ఉన్నాడు. చుట్టూ అందరూ శాలువాలు కప్పుకుని పాట ఎత్తుకోబోతున్నారు. మావయ్యగారు ఒడ్డున కుర్చీలో కూర్చున్నారు, చెప్పులు విప్పలేదు.

"నాకు చలి కాదు బాబూ" అన్నారు. "మా అమ్మ నన్ను చంకనేసుకుని మిషన్ గుడికి తీసుకెళ్లి బాప్తిస్మం ఇప్పించింది. దానికి ఆవిడ పుట్టింటివాళ్లు చచ్చేదాకా గడప తొక్కనివ్వలేదు. ఇప్పుడు నేను మునిగితే ఆ రోజు ఏమీ జరగలేదని ఒప్పుకున్నట్టే. మరి ఆవిడ దేనికోసం అందర్నీ పోగొట్టుకున్నట్టు?"

పాట పుస్తకాలు తెరిచినవాళ్లు మూసేశారు.

"నన్ను మీలో చేర్చుకోవాలనుంటే తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చెయ్యండి. పూర్వం రోమాలో ఒక పోపు అదే చాలన్నాడు."

"మనకి పోపు మాటేంటండీ?" అన్నాడు పూల్ ఉన్న పెద్దాయన, కోపంగా కాదు, నిజంగానే అర్థంకాక.

పాస్టరు నీళ్లలోంచి బయటికొచ్చాడు. చెయ్యి తుడుచుకుని మావయ్యగారి నెత్తిన పెట్టాడు. ప్రార్థన చేశాడు. తర్వాత అందరం బిర్యానీ తిన్నాం. ఆ పెద్దాయనే మావయ్యగారికి కొసరి కొసరి వడ్డించాడు.

"ఆ పోపు కంటే మీవాళ్లు చాలా నయమమ్మా. అన్నం పెట్టారు" అన్నారాయన కార్‌లో.

ఆ వారంలో సంఘ పెద్దలు కూర్చుని మాట్లాడుకున్నారు. ప్రార్థన మంచిదే, కానీ బల్ల నియమం మార్చలేమన్నారు. పాస్టరు ఒక్కడి మాట నెగ్గలేదు.

మావయ్యగారు తిరుగు ప్రయాణమయ్యే ముందు ఆదివారం ఆయన్ని ఇంట్లోనే ఉండమన్నాను. వినలేదు, ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందే తయారయ్యారు. రొట్టె కోసం ప్రార్థన చేశాక పాస్టరు ఎప్పటిలా ముందు వరసలో కూర్చోలేదు. నడుచుకుంటూ వచ్చి మావయ్యగారి పక్క కుర్చీలో కూర్చున్నాడు. పళ్లెం వచ్చింది. మావయ్యగారు ఈసారి చెయ్యి చాపలేదు. పాస్టరూ చాపలేదు.

"మీరెందుకు మానేశారు? తీసుకోండి" అన్నారు మావయ్యగారు మెల్లగా.

"మీకివ్వంది నేనెట్టా తినేదండీ అయ్యగారూ" అన్నాడతను.

అయ్యగారు అంటే మావైపు పాస్టర్‌ని పిలిచే పిలుపు. మావయ్యగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. పళ్లెం నా ముందుకొచ్చింది. ఏం చేయాలో తోచక ఆయన వైపు చూశాను.

"నువ్వు తీసుకో అమ్మా" అన్నారు.

తీసుకున్నాను.