బూడిద రంగు మలం, నోరు విప్పని నా భర్త

సహోదరీ సహోదరులారా, ప్రభువు నామంలో మీ అందరికీ వందనాలు. నేను చెప్పబోయేది మలం సంగతి. నవ్వేవాళ్లు నవ్వండి, ముక్కు మూసుకునేవాళ్లు మూసుకోండి, ఆ సిగ్గే నా భర్తను మరణపు గుమ్మం దాకా ఈడ్చుకెళ్లింది గనుక నేను మాత్రం సిగ్గుపడను!

నా పేరు ఎస్తేరు. నా భర్త ఆనందరావు పొట్టకూటికి ఈ హిందీ ఊరొచ్చి, ఇక్కడి రైల్వే లోకో షెడ్‌లో ఫిట్టర్ అయ్యారు. ఇంజన్‌లో చిన్న చప్పుడు తేడాగా వినబడితే విప్పి చూసేదాకా ఊరుకోరు గానీ, తన ఒంట్లో వచ్చిన తేడా మాత్రం ఆయనకు కనబడదు. పోయిన వానకాలంలో తిండి సయించక, ఒళ్లంతా దురదపెట్టి అరచేతులు ఎర్రబడేలా గోక్కుంటూ, కళ్లు పచ్చబడి తిరుగుతుంటే అడిగి అడిగి నా గొంతు పోయింది. ఒకరోజు క్వార్టర్‌లో నీళ్లు రాక బకెట్‌తో మరుగుదొడ్డి కడగబోయి చూశాను. మలం బూడిదలా వెలిసిపోయి ఉంది.

"ఏటండీ ఇది? ఎన్నాళ్ల నుంచి ఇలగవుతోంది?" అన్నాను.

"ఛీ, అదేటి మాట! పాలెక్కువ తాగాను, అంతే," అన్నారు.

సహోదరులారా, ఆయన పాలు ముట్టరు! టీ కూడా నల్లగానే తాగుతారు!

ఆసుపత్రికి రమ్మంటే డ్యూటీ అన్నారు. డ్యూటీ లేని రోజు చూసి బండెక్కి పక్కనున్న కర్గీ రోడ్ అనే ఊరు వెళ్లి, కామెర్లకని మెడలో వేరుముక్కల దండ వేయించుకొచ్చారు. ఆ దండ రోజురోజుకూ కిందికి సాగుతోంది గనుక రోగం దిగుతోందని ఆయన, సాగింది దారమేనని, జారుతున్నది మీ ప్యాంటని నేను! ఇక మన సంఘంలో కొందరు, "ప్రార్థన చేస్తున్నాం కదమ్మా, మందులెందుకు, విశ్వాసం లేదా?" అన్నారు. వాళ్లు ఈ రోజు ముందు వరుసలోనే ఉన్నారు, పేర్లు చెప్పను.

మూడు వారాలు గడిచాయి. ఒక మధ్యాహ్నం ఆయనకు వణుకుతో జ్వరం వచ్చింది. నేను వంటింట్లో మోకాళ్ల మీద పడి, "ప్రభువా, నాకు ఇసుగొచ్చేసింది. ఈ మనిషికి బుద్ధయినా ఇయ్యి, నాకు నోరయినా ఇయ్యి. రెండూ ఇయ్యకపోతే నానేటి సెయ్యాలో నువ్వే సెప్పు," అని ఏడ్చాను. లేచేసరికి భయం పోయింది, కోపం మాత్రం అలాగే ఉంది. ఆ కోపంతోనే ఆయన చెయ్యి పట్టుకుని ఆటో ఎక్కించాను.

ఆసుపత్రిలో డాక్టరమ్మ, "మోషన్ ఏ రంగులో వస్తోంది?" అని అడిగితే ఈ మహానుభావుడు, "సబ్ ఠీక్ హై, మేడమ్," అన్నారు!

"ఠీక్ కాదు మేడమ్! మూడు వారాలుగా బూడిద రంగు! మూత్రం టీ డికాషన్‌లా ఉంది!" అని నాకొచ్చిన హిందీలో అరిచాను. బయట బెంచీల మీద ఉన్నవాళ్లందరూ విన్నారు.

ఆవిడ కలం పక్కన పెట్టి, "అచ్ఛా, ఈ మాట ముందే చెప్పాలి కదా!" అన్నారు. కాలేయం నుంచి వచ్చే పిత్తం వల్లే మలానికి రంగు వస్తుందట, అది పేగులోకి రాకపోతే తెల్లబడుతుందట. ఒక్కసారి అలా వస్తే మందుల వల్ల కావచ్చు గానీ, రోజూ అలాగే వస్తూ కళ్లు పచ్చబడితే కాలేయం వాపో, దారికి అడ్డుపడిన రాయో, గడ్డో ఉండవచ్చు, వెంటనే చూడాలన్నారు. గడ్డ అన్న మాట చెవిన పడ్డాక, స్కాన్ గది బయట కూర్చుని నేను ఒక్క మాట కూడా ప్రార్థించలేకపోయాను, "యేసయ్యా" అన్న పిలుపు తప్ప.

పిత్తనాళంలో రాయి! ఆ రాయికి పైభాగంలో చీము పట్టడం మొదలైంది, ఇంకొన్నాళ్లు ఆగితే మనిషి దక్కేవాడు కాదన్నారు. నోటి గుండా గొట్టం పంపి ఆ రాయి తీశారు. నాలుగో రోజు నా భర్త బాత్రూమ్ తలుపు తీసి, వార్డంతా వినేలా, "ఎస్తేరూ, రంగొచ్చిందే!" అని కేకేశారు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. స్తోత్రం! ఆ కేక కోసం నేను ఎన్ని రోజులు బతిమాలుకున్నానో దేవునికి తెలుసు.

ప్రియులారా, నా మొర విన్న దేవుడు మీ మొర కూడా వింటాడు, ఆయనను నమ్మండి. నమ్మి, లేచి ఆసుపత్రికి వెళ్లండి, అడిగినదానికి నిజం చెప్పండి. ఇంట్లో కోప్పడితే ఎస్తేరు పంపించిందని చెప్పండి. దేవునికే మహిమ!