గ్రీకు దేవతలకు వరసలు కలిపిన విద్యావతి గారు

శ్రీమతి విద్యావతి గారి స్వస్థలం రేపల్లె. కంప్యూటర్లలోని ‘వై2కె’ అనే రెండు వేల సంవత్సరపు దోషాన్ని సరిదిద్దే ఉద్యోగంపై భర్త విజయభాస్కర్ గారు 1998లో మెల్‌బోర్న్‌కు రాగా, ఆమెయు ఆ నగరపు ఓక్లీ పేటలోని అద్దె ఇంటిలో కాపురం పెట్టారు. కొత్తవారు ఎవరు ఎదురైనా ఊరు, ఇంటిపేరు విచారించి, ఏదో ఒక చుట్టరికం తేల్చనిదే ఆమె విడిచిపెట్టేవారు కారు. నగర శివారున కేరమ్ డౌన్స్‌లోని హిందువుల గుడిలో ఆమెకు బంధువులు కానివారు అర్చకులు మాత్రమే. వారి విషయమై కూడా విచారణ సాగుతూ ఉండేది.

పగటివేళ ఓక్లీలో ఆమెతో మాట్లాడే మనిషి ఒక్కరే: పక్కింటి గ్రీకు వృద్ధురాలు దెస్పినా. కంచె అవతల టమాటా మొక్కలకు నీరు పడుతూ ఆమె తమ ప్రాచీన గాథలు చెప్పేవారు. విధిని తప్పించుకోబోయి దాని ఒళ్లోనే పడిన రాజులు, గర్వించి భంగపడిన వీరులు, మారువేషంలో తలుపు తట్టిన దేవుళ్లు వాటిలో ఉండేవారు. విద్యావతి గారు శ్రద్ధగా ఆలకించి, వెంటనే వరస కలిపేవారు. మడమ తప్ప ఒళ్లంతా అభేద్యమైన అకిలీస్, తొడ తప్ప ఒళ్లంతా వజ్రమైన దుర్యోధనుడికి తమ్ముడయ్యాడు. పిడుగులు విసిరే జ్యూస్ ఇంద్రుడికి వియ్యంకుడయ్యాడు.

పెర్సియస్ అనే వీరుడి పుట్టుక కథ వద్ద చిక్కు వచ్చింది. తల్లినీ పసిబిడ్డనూ పెట్టెలో పెట్టి సముద్రంలో వదిలిన ఘట్టం చెబుతూ దెస్పినా కళ్లు తుడుచుకున్నారు.

"ఇది మా కర్ణుడి కథే," అన్నారు విద్యావతి గారు, ఓదార్పుగా. "మా దగ్గర్నుంచే మీకు వచ్చుంటుంది."

"నాకు మా అమ్మ చెప్పింది. ఎవరి దగ్గరా అడిగి తెచ్చుకోలేదు."

దెస్పినా కుళాయి కట్టేసి లోపలికి వెళ్లిపోయారు. ఆపై కంచె వద్దకు రావడం మానుకున్నారు. విద్యావతి గారికి పగలు గడవడం దుర్భరమైంది.

"మనవాళ్లే అన్నాను గదండీ. అంతకంటే గౌరవం ఏముంది?" అని భర్త వద్ద వాపోయారు.

"నువ్వు చుట్టరికం కలిపావు. ఆవిడ వాటా అడిగావనుకుంది," అన్నారు విజయభాస్కర్ గారు. "ఆఫీసులో ఇరవయ్యేళ్ల నాటి బగ్గులే ఫిక్స్ చెయ్యలేక చస్తున్నా. వేల ఏళ్ల నాటిది నా వల్ల కాదు విద్యా. నువ్వే వెళ్లి సారీ చెప్పు."

గుమ్మంలో నిలిచిన అపరిచితునికి ముందు భోజనం పెట్టి, పిదపనే పేరు అడగవలెనని దెస్పినా చెప్పిన గాథలలో కట్టుబాటు. శనివారం మధ్యాహ్నం విద్యావతి గారు దెస్పినా ఇంటి వీధి తలుపు తట్టారు.

"నేను పరదేశిని. ఆకలిగా ఉంది."

"ఎంత దూరం నుంచి? పక్కింటి నుంచా?"

"ముందు అడక్కూడదు కదా."

దెస్పినా ఆమెను ఎగాదిగా చూసి, కుర్చీ లాగారు. మాంసం గిన్నె పొయ్యి మీదే ఉంచి, చిక్కుడుగింజల కూర, రొట్టె, ఆలివ్ కాయలు వడ్డించారు. ఆ కాయల రుచి సహించకపోయినా, విద్యావతి గారు ఒక్కటీ వదలలేదు.

"ఇప్పుడు చెప్పు. ఎవరు నువ్వు?"

"నోరు జారినదాన్ని."

దెస్పినా చాలాసేపు బల్ల మీది రొట్టె ముక్కలు ఏరారు.

"మీ పెట్టెలో పిల్లాడు. వాళ్లమ్మ కూడా అందులో ఉందా?"

"లేదు. పిల్లాణ్ణి వదిలేసి ఒడ్డునే ఉండిపోయింది."

"అయితే అది మా కథ కాదు," అన్నారు దెస్పినా, మెల్లగా. "పాపం ఆ తల్లి. చెప్పు."

అని కుర్చీ దగ్గరకు జరుపుకున్నారు.