వచ్చిన వ్యాన్‌లోనే వెనక్కి

మా మేనత్త పినపాకలో బస్సులు ఆగేచోట చిన్న దుకాణం నడిపేది. నేను దగ్గర్లోని ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతూ ఆమె ఇంట్లోనే ఉండేదాన్ని. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మాట. ఆమె దగ్గర సోడా తాగినవాడెవడూ సీసాతో ఊరు దాటలేదు. కండక్టర్ విజిల్ ఊదినా సరే, కిటికీలోంచి చెయ్యి పెట్టి లాక్కునేది. ఆ ఖాళీ సీసాలను సరుకు తెచ్చిన వ్యానే వెనక్కి తీసుకుపోయేది. ఆమెకు తెలిసిన వ్యాపారం అదే.

తర్వాత ప్లాస్టిక్ సీసాల కూల్‌డ్రింకులొచ్చాయి. అత్త వాటినీ అలాగే దాచింది. రోడ్డు పక్కన పడేసినవి కూడా ఏరి, కడిగి, మూతలు బిగించి, యూరియా సంచుల్లో నింపి, తన పాత పచ్చచీర అంచులు చింపి సంచుల మూతులు కట్టింది. వ్యాన్ డ్రైవరేమో ప్రతిసారీ "వచ్చేసారి చూద్దామక్కా" అని తప్పించుకునేవాడు. ముందు గది సంచులతో నిండిపోయింది. మేమిద్దరం వంటింట్లో పడుకోవాల్సి వచ్చింది. నాకైతే ఒళ్ళు మండిపోయేది. తయారుచేసినవాళ్ళే చెత్తను కూడా వెనక్కి తీసుకోవాలని ఇప్పుడు పేపర్లలో చదువుతుంటే మాత్రం ఆ గదే గుర్తొచ్చి నవ్వొస్తుంది.

అసలు చిక్కు ఎక్కడొచ్చిందంటే, మా చర్చి ఆడవాళ్ళ ప్రార్థన కూడిక ప్రతి శుక్రవారం ఒక్కో ఇంట్లో జరుగుతుంది. ఆ కూడికలో కొత్తగా చేరిన అత్తకు ఆ వారమే మొదటిసారి వంతు వచ్చింది. ఎప్పుడెప్పుడా అని ఆమె ఎంత ఎదురుచూసిందో నాకు తెలుసు. కానీ వచ్చినవాళ్ళు కూర్చోడానికి చోటేది?

మంగళవారం వ్యాన్ రాగానే అత్త దానికి అడ్డంగా నిలబడింది.

"తమ్మీ, ఇయ్యాల మీ సీసాలు తీస్కపో."

"గవి వాపస్ తీస్కునేటివి కాదక్కా. తాగి పారేసుడే."

"పారేసుడే అయితే మీ కంపెనీల పారెయ్. నా ఇల్లే దొరికిందా?"

బస్సు కోసం నిలబడ్డవాళ్ళంతా నవ్వారు. డ్రైవర్ గొణుక్కుంటూనే సంచులన్నీ ఎక్కించుకున్నాడు. అత్త ఆ పూటే గది కడిగి మురిసిపోయింది.

మర్నాడు నేను మణుగూరు నుంచి బస్సులో వస్తుంటే వాగు పక్క పొదల్లో యూరియా సంచులు కనిపించాయి. మూతులకు పచ్చచీర అంచులు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. చెబితే అత్త ఒక్క తిట్టు కూడా తిట్టలేదు. ఆటో మాట్లాడుకుని పోయి అన్నీ వెనక్కి తెచ్చుకుంది. గది మళ్ళీ నిండింది.

శుక్రవారం పొద్దున వ్యాన్ వచ్చింది. అత్త నవ్వుతూ ఎదురెళ్ళింది.

"తమ్మీ, మీ సామాను వాగుకాడ జారిపడ్డట్టుంది. ఏరుకొచ్చిన."

డ్రైవర్ దిగి వ్యాన్ వెనక తలుపు తీశాడు. సంచులన్నీ ఎక్కించాక అత్త తనూ ఎక్కి ముందు సీట్లో కూర్చుంది.

"మల్ల జారకుంట నేను గూడ వస్త. జల్దీ పోనియ్, మాపటికి మా ఇంట్ల కూడికున్నది."

సాయంత్రానికి నేను గది ఊడ్చి చాపలు పరిచాను. ఆడవాళ్ళు అనుకున్నదానికంటే ఎక్కువమందే వచ్చారు. ఇంటామె మాత్రం లేదు. పాట మొదలుపెట్టాలా వద్దా అని ఒకరి ముఖాలొకరు చూసుకుంటుండగా మణుగూరు బస్సు ఆగింది. జుట్టంతా రేగిపోయి, చంకలో ఖాళీ సంచుల మడతతో అత్త దిగింది.

"వాళ్ళ గోదాంల కుప్పబోసి వచ్చిన. సేటు వద్దు వద్దన్నడు. తలుపు నేనే దగ్గరికేసిన."

ఆమెను చూస్తే నాకు ఎక్కడలేని గర్వం ముంచుకొచ్చింది. అయినా ఊరుకోలేక అడిగాను: "మరి ఈ సంచులెందుకు మోసుకొచ్చినవత్తా?"

"సీసాలు వాళ్ళయి. సంచులు మనయి" అంటూ అత్త వాటిని దులిపి పరిచి, చాపల మీద చోటు చాలక నిలబడ్డవాళ్ళను కూర్చోమంది.