రెండు రకాతుల కాపురం

మా ఆయన మస్తాన్ వలి నోయిడాలో ఉద్యోగంలో చేరి రెండేళ్ళు దాటింది. నన్నెప్పుడు తీసుకెళ్తారని అడిగిన ప్రతిసారీ ఒకటే జవాబు: "ఇప్పుడే కాదు నూర్జా, మా ప్రాజెక్టు ఏ క్షణాన్నైనా హైదరాబాద్‌కు మారొచ్చు." ఆయన రెండు మూడు నెలలకోసారి ఒంగోలు వచ్చి నాలుగు రోజులుండి వెళ్తారు. నేను ఒంగోల్లో చిన్న టైలరింగ్ షాపు నడుపుకుంటూ ఆయన ఫోన్ల కోసం కాచుక్కూర్చుంటాను. ఫోన్లో కాపురం ఎన్నాళ్ళని చేస్తాం? మొన్న డిసెంబరులో "ఓసారి వచ్చి చూసిపో" అన్నారు. ఆ 'పో' నాకు నచ్చలేదు గానీ, మాట మారకముందే రానూపోనూ టికెట్లు తీసేశాను. నేను చూడాలనుకున్నది కుతుబ్ మీనార్ కాదు. ఆయన దగ్గర నాకు చోటుందో లేదో తేల్చుకోవాలని బయలుదేరాను.

రాత్రి పదిన్నరకు ఒంగోల్లో రైలెక్కాను. థర్డ్ ఏసీ, కింది బెర్తు. ఢిల్లీ వైపు వెళ్ళేవాళ్ళు పులిహోర, పెరుగన్నం కట్టుకోండి. నాగపూర్ దాటాక దొరికే కూరల్లో ఉప్పూ ఉండదు, కారమూ ఉండదు. నేను గోంగూర సీసా కూడా పెట్టుకున్నాను, ఆయన కోసమని. సగం దారిలోనే ఖాళీ అయింది.

విజయవాడలో ఎక్కి ఎదురు బెర్తులో పడుకున్న అమ్మాయి పొద్దున మాటల్లో పడింది. పేరు శ్రావణి, ఊరు గుంటూరు. ఢిల్లీలో జియా సరాయ్‌లో గది అద్దెకు తీసుకుని సివిల్స్‌కు చదువుతోంది. ముప్పై నాలుగేళ్ళకే నన్ను ఆంటీని చేసేసింది.

మధ్యాహ్నం ఫోన్లో దిక్సూచి చూసుకుని, బెర్తు మీద కూర్చునే జొహర్ నమాజు చదివాను. శ్రావణి అంతసేపూ ఫోన్లో పాటలు ఆపి కూర్చుంది.

"అప్పుడే అయిపోయిందా ఆంటీ? మా పక్క గదిలో ఫాతిమా చాలాసేపు చదువుతుంది."

"ప్రయాణంలో ఉన్నాను కదమ్మా. నాలుగు రకాతుల నమాజు రెండే చదవాలి," అన్నాను. రకాతు అంటే ఒకసారి నిలబడి, వంగి, నుదురు నేలకానించి సజ్దా చేసి ముగించేదని చూపించాను. ఊరు దాటి దూరం వెళ్ళినవాళ్ళకు ఈ వెసులుబాటు ఉంటుంది. వెళ్ళినచోట పదిహేను రోజులో అంతకన్నా ఎక్కువో ఉండాలని మనసులో నిశ్చయించుకుంటే మాత్రం ఆ ఊరివాళ్ళలాగే నాలుగూ చదవాలి. ఆ నిశ్చయాన్నే నియ్యత్ అంటాం.

"అయితే మీరు ఢిల్లీలోనూ రెండేనా?"

"తొమ్మిది రోజులకేగా వెళ్తున్నాను. నేను ముసాఫిర్‌నే, బాటసారిని," అన్నాను నవ్వుతూ.

"మా కోచింగ్‌లో కూడా ఇలాంటి రాయితీ పెడితే బాగుండు," అంది ఆ పిల్ల.

మర్నాడు ఆరింటికి దిగాల్సినవాళ్ళం పొగమంచు పుణ్యమా అని పదిన్నరకు దిగాం. చలికాలంలో వెళ్ళేవాళ్ళు ఆ రోజుకు వేరే పని పెట్టుకోకండి. ప్లాట్‌ఫాం మీద మా ఆయన మఫ్లర్ చుట్టుకుని నిలబడి ఉన్నారు, కాస్త చిక్కారు. స్టేషన్ బయటే మెట్రో. రాజీవ్ చౌక్‌లో బ్లూ లైన్‌కు మారితే నేరుగా నోయిడా. మొదటి పెట్టె ఆడవాళ్ళది గానీ నేను ఎక్కలేదు. ఇన్నాళ్ళకు కలిసి మళ్ళీ వేరే పెట్టెలో కూర్చోవడానికా వచ్చింది?

సెక్టార్ 62లో దిగి షేర్ ఆటో ఎక్కాం. పెద్ద గేటు, తోట, లిఫ్టు ఉన్న సొసైటీ. నాలుగో అంతస్తులో ఫ్లాటు. తలుపు తీసి లోపలికి చూసి నేను గుమ్మంలోనే ఆగిపోయాను. ఒక మడత మంచం, ఒక ఇండక్షన్ పొయ్యి, ఒక కంచం, ఒక గ్లాసు. గోడకు ఒక్క మేకు లేదు. బట్టలన్నీ నేల మీద తెరిచి ఉన్న సూట్‌కేసులోనే ఉన్నాయి. బయట పల్లకీ మోత, ఇంట్లో ఈగల మోత అంటే ఇదే కాబోలు అనుకున్నాను.

ఆయన సగం రోజు సెలవు పెట్టారు. స్నానాలయ్యాక జొహర్‌కు నిలబడ్డాం, ఆయన ముందు, నేను వెనక. నేను ముసాఫిర్‌నే అయినా, స్థానికుడి వెనక చదివితే అతనితోపాటు నాలుగూ చదవాలి. అందుకని నాలుగుకు సిద్ధపడే నిలబడ్డాను. ఆయన రెండు రకాతులు చదివి, కూర్చుని, సలాం తిప్పి నమాజు ముగించేశారు.

"మరిచిపోయారా?" అన్నాను.

"లేదే. రెండే కదా."

"నాకు రెండు. మీకెందుకు రెండు?"

"నేనూ ముసాఫిర్‌నే కదా నూర్జా," అన్నారు, టీ తాగుతావా అన్నంత మామూలుగా. "ప్రాజెక్టు ఎప్పుడు పొమ్మంటే అప్పుడు పోవాలి. పదిహేను రోజులుంటానని నేనెప్పుడూ నియ్యత్ చేసుకోలేదు. ఒంగోల్లో ఒక పెద్దాయన్ని అడిగాను కూడా. 'నియ్యత్ నీది, నీ మనసుకే తెలుసు' అన్నాడాయన."

"రెండేళ్ళ నుంచీనా?"

ఆయన జానమాజ్ చాప మడతపెట్టారు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. లెక్క ప్రకారం అది తప్పో ఒప్పో తేల్చేంత చదువు నాకు లేదు. కానీ రెండేళ్ళుగా రోజూ మధ్యాహ్నం జొహర్‌కీ, సాయంత్రం అసర్‌కీ, రాత్రి ఇషాకీ జానమాజ్ మీద నిలబడి 'నేనిక్కడ ఉండను' అని చెప్పుకుంటున్న మనిషి నన్నెక్కడ ఉంచుతాడు? అదే ఇంకోలా అడిగాను.

"మరి నన్ను చూసిపొమ్మని ఎందుకు పిలిచారు?"

"నిన్ను చూడాలనిపించింది," అన్నారు. అంతకన్నా ఏమీ రాబట్టలేకపోయాను. మొండివాడు రాజుకన్నా బలవంతుడని ఊరికే అనలేదు.

సాయంత్రానికి నెమ్మదిగా చెప్పారు. వచ్చిన కొత్తలో మూడిళ్ళు చూశారట. మూడుచోట్లా మాటలన్నీ అయ్యాక, పేరు చెప్పగానే ఇల్లు ఖాళీ లేదన్నారట. ఈ ఫ్లాటు ఆఫీసులో పనిచేసే ఒకతను హామీ ఉంటే దొరికింది. "అప్పుడే అనుకున్నాను, ఈ ఊరిని ఏమీ అడగొద్దని."

"నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు కదా."

"పేరు చెప్పాక నోరెవరు వింటారు నూర్జా?"

 ఆ రాత్రి నేను బోధలు మానేశాను. మా ఆయనకు బోధిస్తే మొహం ముడుచుకుంటారు, పని చెప్తే చేస్తారు. మా అమ్మ నాకు చిన్నప్పుడు నమాజు నేర్పింది కూడా అలాగే. ముందు మంచం దిగగానే బిస్మిల్లా, తర్వాత గుమ్మంలో సలాం, తర్వాత తెల్లవారుజామున ఒక్క ఫజర్ నమాజు, ఇలా ఒకటి కుదిరాకే ఇంకొకటి. కొంచెమైనా సరే, రోజూ చేసేదే అల్లాహ్‌కు ఇష్టం అనేది.

మర్నాడు ఫజర్‌కు లేపాను. చలికి నీళ్ళు ముట్టుకుంటే వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. ఆయన దుప్పటిలోంచే "ఖజా చదువుకుంటాలే" అన్నారు, తర్వాత తీరుస్తానని. గీజర్ వేసి, నమాజుకు ముందు కాళ్ళూ చేతులూ కడుక్కునే వజూకు బకెట్లో వేడినీళ్ళు పెట్టి వచ్చి మళ్ళీ లేపాను. సణుగుతూనే లేచారు. నమాజయ్యాక మళ్ళీ పడుకోనివ్వకుండా టీ చేతిలో పెట్టి, తెలుగు ఖురాన్ ఒక్క పేజీ చదివి వినిపించమన్నాను. కూడబలుక్కుంటూ చదివారు. గుమ్మంలోకి వచ్చేటప్పుడు సలాం చెప్పమన్నాను.

"ఎవరికి చెప్పేది? రోజూ ఇంట్లో ఎవరూ ఉండరుగా."

"ఖాళీ ఇంటికైనా సలాం చెప్పాలి. ఇప్పుడైతే నేనున్నాను."

"తొమ్మిది రోజులకు ఇవన్నీ అవసరమా?"

"అన్నం కూడా తొమ్మిది రోజులకేగా వండుతున్నాను. తింటున్నారు కదా."

మూడో రోజు వంకాయ కూర కొంచెం ఎక్కువ చేశాను. కూరలో నీళ్ళు ఎక్కువ పోసైనా పొరుగువాళ్ళకు పంచాలని మాకు చిన్నప్పటి నుంచి చెప్తారు. గిన్నె పట్టుకుని ఎదురు తలుపు కొట్టాను. తెల్లజుట్టు పెద్దావిడ తీసింది. తివారీ ఆంటీ అట. నాకు వచ్చిన హిందీ సినిమాల హిందీయే. "సామ్‌నేవాలీ హూఁ ఆంటీ," అన్నాను, ఎదురింటిదాన్నని.

"అచ్ఛా? ఆ ఇంట్లో మనుషులున్నారా?" అంది ఆవిడ హిందీలో, నిజంగానే ఆశ్చర్యపోతూ. "తాళం వేసిన ఇల్లనుకున్నాను బేటీ."

మా ఆయన నా వెనకే నిలబడి విన్నారు. గోడకు అవతలి మనిషికి తను ఉన్నట్టే తెలియదని ఆయన అనుకోలేదు. మొహం చిన్నబోయింది. పేరు అడిగితే కాస్త తటపటాయించి, "మస్తాన్ వలి, ఆంటీ," అన్నారు. ఆవిడ "కూరలో వెల్లుల్లి వేశావా? నేను తినను, మా ఆయన తింటాడు," అని గిన్నె లోపలికి తీసుకుపోయింది. పేరు గురించి ఇంకేమీ అడగలేదు. సాయంత్రం గిన్నెలో క్యారెట్ హల్వా వచ్చింది. ఆ రాత్రి ఆయన ఆ హల్వా దాదాపు ఒక్కరే తినేశారు, నేను మిగిల్చుకున్నదీ అడిగి మరీ తీసుకున్నారు.

ఆదివారం మెట్రోలో పాత ఢిల్లీ వెళ్ళాం. మండీ హౌస్‌లో లైను మారితే జామా మసీదుకు నేరుగా స్టేషనుంది. ముందు నిహారీ మాంసం పులుసు, రొట్టెలు తిన్నాం. కారం నా లెక్కలో సరిపోలేదు గానీ రొట్టె మాత్రం అమృతం. అసర్‌కు ఆయన జమాత్ వరుసలో నిలబడ్డారు, నేను ఆడవాళ్ళ వైపు. ఇమాం వెనక అందరితోపాటు నాలుగు రకాతులూ చదివారు. మెట్లు దిగుతూ నేను ఊరుకోలేకపోయాను.

"పేరు కూడా తెలియని ఇమాం వెనకైతే నాలుగు. ఇంట్లో నా ముందు నిలబడితే రెండు."

ఆయన ఫక్కున నవ్వారు. తర్వాత మెట్రోలో నోయిడా వచ్చేదాకా కిటికీ వైపే చూస్తూ కూర్చున్నారు. ఎందుకన్నానురా దేవుడా అని నేను నాలుక కరుచుకున్నాను.

సోమవారం నేను లేపలేదు. కోపం కాదు, ఒళ్ళు తెలియని నిద్ర. కళ్ళు తెరిచేసరికి గీజర్ ఎర్ర లైటు వెలుగుతోంది, ఆయన వజూ చేసుకుని కూర్చుని నా కోసం చూస్తున్నారు. బుధవారం లిఫ్టులో తివారీ అంకుల్‌ను తనే పలకరించి, మోకాళ్ళ నొప్పులెలా ఉన్నాయని అడిగారు. ఆ సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ స్టీలు కంచాలు తెచ్చారు. నాలుగు.

"ఇద్దరికి నాలుగెందుకు?" అన్నాను.

"ఎవరైనా వస్తే?" అన్నారు. నేను కంచాలు కడిగి బోర్లించాను.  ఆశ పెట్టుకుంటే భయం, పెట్టుకోకపోతే బాధ.

బయలుదేరే రోజు రానే వచ్చింది. రైలు సాయంత్రం. ఆయన సెలవు పెట్టారు. నా బ్యాగు సర్దేసి గుమ్మం దగ్గర పెట్టాను. జొహర్ వేళకు ఎప్పటిలాగే ఆయన ముందు, నేను వెనక. రెండు రకాతులయ్యాయి, కూర్చున్నాం. నేను సలాం తిప్పడానికి సిద్ధంగా ఉన్నాను. ఆయన "అల్లాహు అక్బర్" అని లేచి నిలబడ్డారు. అలవాటున మరిచిపోయి లేచారేమో అనుకున్నాను. మూడోది నిదానంగా చదివారు. నాలుగోది ఇంకా నిదానంగా చదివారు. వెనక నిలబడ్డ నేనూ నాలుగూ చదివాను, తిరుగు టికెట్ బ్యాగులో ఉండగానే. సజ్దాలో జానమాజ్ తడిసిపోయింది.

సలాం తిప్పాక ఆయన నా వైపు తిరిగారు.

"ఫజర్ అప్పుడు నియ్యత్ చేసుకున్నాను."

"ప్రాజెక్టు మారితే?"

"మారినప్పుడు చూద్దాం. అప్పటిదాకా ఇదే ఇల్లు." గుమ్మం దగ్గరి నా బ్యాగు వైపు చూశారు. "నీ షాపు సంగతి నాకు తెలుసు. రమ్మని చెప్పను, అడుగుతున్నాను. వస్తావా?"

తొమ్మిది రోజులు నోరు మూయనిదాన్ని, తల ఊపడం తప్ప ఏమీ చేతకాలేదు.

రైలు ఈసారి సమయానికే కదిలింది. నా కూపేలో ఝాన్సీలో దిగాల్సిన ఒక ముసలాయన "ఢిల్లీలో ఏమేం చూశారు?" అని అడిగాడు. లెక్కవేస్తే పెద్దగా ఏమీ చూడలేదు. కుతుబ్ మీనార్ వైపే వెళ్ళలేదు. ఎర్రకోట బయటి గోడ చూశాను. ఢిల్లీ వెళ్ళే మీరు అవన్నీ చూడండి, చలికోటు మరిచిపోకండి, మెట్రో కార్డు తీసుకోండి. నాకు మాత్రం ఆ ఊరంటే తెల్లవారుజామున వేడినీళ్ళ ఆవిరి, ఎదురింటి హల్వా, నిద్రమొహంతో కూడబలుక్కుని చదివే ఒక్క పేజీ. వెళ్ళేటప్పుడు ఆయన్ని ఎలా మార్చాలా అని దారంతా ఆలోచించాను. చివరికి మార్చింది నేనూ కాదు, నా దెప్పిపొడుపులూ కాదు, రోజూ చేసిన చిన్న పనులు. అవి నా పోరు లేకుండా కూడా నిలుస్తాయా అని భయం లేకపోలేదు. నాగపూర్ దగ్గర తెల్లవారుతుండగా ఆయన ఫోన్ వచ్చింది. "ఫజర్ అయింది, పేజీ కూడా చదివాను," అని చెప్పి, ఆఫీసుకు టైమైందని పెట్టేశారు.

షాపు తలుచుకుంటే దిగులే. ఏడేళ్ళు నేను ఒక్కదాన్నే నిలబెట్టుకున్నది. ఒక్కొక్కరినే కూడగట్టుకున్న ఖాతాదారులు. నోయిడాలో మళ్ళీ మొదటి జాకెట్టు నుంచి మొదలుపెట్టాలి. తివారీ ఆంటీ రెండు జాకెట్లు ఇస్తానంది, అదీ చూడాలి. దిగులుంది కానీ వెనకడుగు వేయాలనిపించలేదు.

అర్ధరాత్రి ఎప్పుడో ఒంగోలు చేరి, పొద్దున్నే షాపు ఓనరు సుబ్బారావు గారికి ఫోన్ చేసి నెలాఖరుకు ఖాళీ చేస్తానన్నాను.

"అదేంటమ్మా, బాగానే నడుస్తోందిగా. మీ ఆయన దగ్గరికి చూసిరావడానికి వెళ్తున్నానన్నావు?"

"చూసే వచ్చానండీ," అన్నాను. "ఇప్పుడు మా ఇంటికి వెళ్తున్నాను."