గడి ముందర వంగిన బండి

మొన్న గురువారం మా అత్తగారి ఊళ్లో నాకు ఏం మర్యాద జరిగిందో ఈపాటికి మీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. నవ్వుకుంటూ చెప్పి ఉంటారు కాబట్టి నాలుగు కలిపే ఉంటారు. అందుకే నా నోటితో నేనే చెబుతాను. మీరు చాయ్ తాగుతూ వినండి. నాకు వద్దు. నేను చాయ్ ముట్టనని మీకు తెలుసు.

కోరుట్లలో నా మెకానిక్ షాపుకు వచ్చేవాళ్లందరికీ నా పద్ధతులు తెలుసు. షాపులో బీడీ కాల్చకూడదు. బూతు మాట రాకూడదు. రేపు ఇస్తానన్న బండి రేపే ఇవ్వాలి. నా చదువు ఏడో తరగతిలో ఆగిపోయింది గానీ నడతకు సెలవులు లేవు. వీటన్నింటి కంటే పెద్ద పద్ధతి ఒకటి ఉంది. నడుము నిటారుగా ఉండాలి.

దానికి కారణం ఉంది. మా ఊరు, మా అత్తగారి ఊరు ఒకే దొర కింద ఉండేవి. కోటలాంటి ఆయన ఇల్లు, అదే గడి, అత్తగారి ఊరి రోడ్డు పక్కనే ఉంది. గడి ముందర నుంచి పోవాలంటే మా నాయిన సైకిల్ దిగేవాడు. చెప్పులు విప్పేవాడు. వంగి సలాం చేసి, అట్లాగే వంగి సైకిల్ నడిపించుకుంటూ పోయేవాడు. వెనక క్యారేజీ మీద కూర్చున్న నేను కూడా దిగేవాణ్ణి. తర్వాత కూలీ సంఘాలు వచ్చాయి, అడవిలోంచి నక్సలైట్ అన్నలు వచ్చారు, దొర హైదరాబాద్ పోయాడు. గడి గోడ మీద ఎర్ర అక్షరాలతో 'వంగుడు బంద్' అని రాశారు. ఆనాటి నుంచి ఆ గోడ ముందర పోయినప్పుడల్లా నేను కర్ర మింగినట్టు కూర్చుని పోతాను. ఊరి వాళ్లు చూసి, "మల్లేశం అంటే మల్లేశమే" అంటారు. అంటే నాకు సంతోషమే, అబద్ధం ఎందుకు?

ఈ నిటారుతనం ఒక్క చోట కొంచెం ఇబ్బంది పెడుతుంది. మా మామ ఇంటి దర్వాజ పొట్టిది. పోయినప్పుడల్లా మా అత్త, "వంగు అల్లుడా!" అని కేక వేస్తుంది. నేను వంగను. దర్వాజ కూడా వంగదు. టంగుమని చప్పుడు వస్తుంది. నెత్తి మీద బొడిపెతో భోజనానికి కూర్చోవడం నాకు అలవాటే.

పోయిన నెల దొర జీపు వేసుకుని, ఇద్దరు పోలీసులను వెంటబెట్టుకుని గడి చూసుకోవడానికి వచ్చాడు. జీపు పోతుంటే సరిగ్గా అప్పుడే మా మామ భుజం మీది తువ్వాల కింద పడింది. ఆయన వంగి తీసుకున్నాడు. నేను చూశాను.

"దొరకు వంగినవ్ మామా!"

"తువ్వాల పడ్డది, తీసుకున్న అల్లుడా. గంతే."

"ఇంకో దిక్కు తిరిగి వంగొచ్చు గద! నీ వీపు గడి దిక్కు పెట్టి వంగితే ఏం పోయింది?"

మామ తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు. నేను ఊరుకోలేదు. నలుగురి ముందర అన్నాను, "నువ్వు తప్పు ఒప్పుకునేదాక నీ ఇంట్ల బువ్వ ముట్ట. నా భార్య గూడ రాదు."

ఇంటికి వచ్చాక నా భార్య రాజవ్వ అడిగింది. "బతుకమ్మ దగ్గరకొచ్చింది. మా తల్లిగారింటికి పోవద్దా నేను?"

"మీ నాయిన ఒప్పుకోని. పోదాం."

"తువ్వాలకు తప్పేంది?"

ఆ ప్రశ్నకు నేను జవాబు చెప్పలేదు. క్రమశిక్షణ ఉన్నవాడు ప్రతి ప్రశ్నకూ జవాబు చెప్పకూడదు.

ఇక బండి సంగతికి వస్తాను. సిరిసిల్ల సలీం దుబాయి నుంచి సెలవు మీద వచ్చాడు. వాళ్ల అబ్బా నడిపిన పాత బుల్లెట్, రంగుల పుస్తకంలోంచి చింపిన ఒక బొమ్మ రెండూ తెచ్చి నా ముందర పెట్టాడు. "ఉస్తాద్, గీ బండిని గట్ల చెయ్యాలె. దీన్ని కేఫ్ రేసర్ అంటరు."

"కేఫ్ అంటే?"

"హోటల్. ఆ దేశంల పోరలు ఒక చాయ్ హోటల్ నుంచి ఇంకో చాయ్ హోటల్‌కు పందెం పెట్టుకుని పోయెటోళ్లట."

చాయ్ కోసం పందెం! బండి వెనక్కి పంపిద్దామనుకున్నాను. కానీ ఇంజను చూశాక మనసొప్పలేదు. తండ్రి బండిని తుక్కుకు అమ్మకుండా బాగు చేసుకుంటానన్న కొడుకు మాట కూడా నచ్చింది. శుక్రవారం అతని ప్రయాణం. గురువారం సిరిసిల్లకు నేనే తెచ్చి ఇస్తానని మాట ఇచ్చాను.

పని మాత్రం ఒళ్లు వంచి చేశాను. వెనక మడ్‌గార్డు కోశాను. పొడుగు సీటు తీసేసి ఒక్కడు కూర్చునే సీటు, దాని వెనక చిన్న గూని చేశాను. మోకాళ్లు ఆనడానికి ట్యాంకును రెండు పక్కలా గుంట పడేట్టు కొట్టాను. పాత హ్యాండిల్ విప్పి, ముందరి రాడ్లకు కింద ఇటొకటి అటొకటి పొట్టి చేతిపట్లు బిగించాను. ఫుట్‌రెస్టులు జానెడు వెనక్కి జరిపాను. బొమ్మలో ఉన్నట్టే వచ్చింది. రోడ్డు మీద పోయేవాళ్లు ఆగి చూసి పోయారు.

ఒక్కటే చేయలేదు. దాని మీద ఎక్కి నడిపి చూడలేదు. పందెం బండి మీద కోరుట్ల బజారులో తిరిగితే నా పరువు ఏం కావాలి?

గురువారం పొద్దున కిక్ కొట్టబోతే రాడ్ సగంలోనే ఆగిపోయింది. వెనక్కి జరిపిన ఫుట్‌రెస్టు అడ్డం వస్తోంది. సిరిసిల్లకు పోయాక సరిచేద్దాంలే అనుకున్నాను. షాపు ముందర వాలు ఉంది కదా, దొర్లించి స్టార్ట్ చేశాను. ఇంకొక మెకానిక్ ఇట్లాంటి పని చేసి ఉంటే గంటసేపు నీతులు చెప్పేవాణ్ణి.

ఎక్కి కూర్చున్నాక తెలిసింది. పట్లు అందాలంటే వంగాలి. కొంచెం కాదు, గడ్డం ట్యాంకుకు ఆనేంత. కాళ్లేమో వెనక్కి పోయి మునివేళ్ల మీద నిలబడ్డాయి. నేను నడిపేది బండినా, నేల మీద పడిపోయిన వస్తువు వెతుకుతున్నానా అన్నట్టు ఉంది. ఎదురొచ్చిన బస్సు డ్రైవరు నాకు తిరిగి నమస్తే పెట్టాడు. అప్పుడైనా బుద్ధి తెచ్చుకోవాల్సింది.

మా అత్తగారి ఊరు దగ్గర పడింది. గడి మలుపు తిరిగాను. గేటు ముందర జీపు! కుర్చీలో దొర! పక్కన ఇద్దరు పోలీసులు! రోడ్డుకు ఇవతల మంగలి దుకాణం అరుగు మీద మా మామ, ఇంకో పదిమంది!

ప్రాణం పోయినా వంగి పోకూడదు. నిటారుగా లేద్దామని నడుము ఎత్తాను. ఎత్తితే పట్లు అందవు. కుడి చెయ్యి జారి గాలిలోకి లేచింది. బండి అటూ ఇటూ ఊగింది. ఊపుకు కళ్లద్దాలు జారాయి. లేచిన చెయ్యి వాటిని పట్టుకుందామని నుదుటి దాకా పోయింది. వెంటనే బండి గుంతలో దిగింది, నా తల మళ్లీ కిందికి పోయింది. సరిగ్గా 'వంగుడు బంద్' అన్న అక్షరాల కింద, వంగి, నుదుటికి చెయ్యి ఆనించి, ఇంజను ఆగిపోయి నిలబడ్డాను.

అంతటితో పోలేదు. మునివేళ్ల మీదున్న కుడికాలి చెప్పు జారి గేటు ముందర పడింది.

దొర కుర్చీలోంచి ముందుకు వంగి చూశాడు. "ఎవల కొడుకువురా?"

"నర్సయ్య కొడుకును" అన్నాను.

"ఓహో! మీ అయ్య గూడ గిట్లనే సలాం చేసెటోడు. కాలం మారినా రక్తంల మర్యాద ఏడికి పోతది?"

అది సలాం కాదని చెబుదామనుకునేలోపల ఒక పోలీసు వచ్చాడు. బండి చుట్టూ తిరిగాడు. "తతిమ్మ సగం ఏడ దాచినవ్?"

"సగం కాదు సార్, పూర్తి బండే."

"పూర్తి బండా? మడ్‌గార్డు ఏది? వెనక సీటు ఏది? ఎవల బండి కోసుకొచ్చినవ్‌రా?"

"పోనియ్యవయ్యా" అన్నాడు దొర. "మనోడే."

మనోడే! ఆ మాట అరుగు దాకా వినపడింది. మా దిక్కు ఈ రోజుల్లో దొర మనిషి అని పేరు పడితే పగలు పోలీసులు పలకరిస్తారు, చీకటి పడ్డాక అన్నలు పిలిపిస్తారు. ఇద్దరి పలకరింపూ మంచిది కాదు. ఎట్లాగైనా అక్కడి నుంచి పోవాలి. కిక్ కొట్టబోయాను. రాడ్ ఫుట్‌రెస్టుకు తగిలి సగంలోనే ఆగింది. ఇక మిగిలింది ఒక్కటే దారి. దిగాను. ఒక కాలికి చెప్పు, ఒక కాలికి లేదు. పట్లు తొడల ఎత్తున ఉన్నాయి కాబట్టి నడుము రెండు మడతలుగా వంచి బండిని నెట్టుకుంటూ గడి దాటాను.

మా నాయిన ఎట్లా దాటేవాడో అట్లాగే. ఆయన రెండు చెప్పులూ విప్పేవాడు, అంతే తేడా.

మలుపు తిరిగాక ఊరంతా నా వెనకే వచ్చింది. సంఘం పోశెట్టి ముందుకొచ్చాడు. అతను నవ్వే మనిషి కాదు, నాకంటే గట్టివాడు.

"మల్లేశం బావా, వంగినవ్. సలాం చేసినవ్. చెప్పు ఇడిచినవ్. దిగి నడిచినవ్. దొర మనోడే అన్నడు. గిది ఏ లెక్కకు రావాలె?"

బండి వంగేట్టు చేసింది అంటే ఎవరు నమ్ముతారు? తువ్వాల పడ్డది అంటే నేను నమ్మానా?

అప్పుడు జనంలోంచి మా మామ వచ్చాడు. ఆయన చేతిలో నా చెప్పు ఉంది. దాన్ని నా కాలి దగ్గర పెట్టి, నెమ్మదిగా లేచి, నన్ను కింది నుంచి మీది దాకా చూశాడు.

"అల్లుడా, ఇంకో దిక్కు తిరిగి నడపొచ్చు గద! నీ వీపు గడి దిక్కు పెట్టి నడిపితే ఏం పోయింది?"

మంగలి దుకాణంలో సగం గడ్డం గీయించుకుని వచ్చినవాడు కూడా నవ్వాడు. పోశెట్టి మాత్రం నవ్వలేదు. మామ అతని వైపు తిరిగాడు.

"పోశెట్టీ, నువ్వు ఎన్నడన్న వంగినవా?"

"చచ్చినా వంగ."

"అయితే ఎక్కు. గీ బండి మీద నిటారుగ కూసో."

పోశెట్టి ఎక్కాడు. పట్లు పట్టుకున్నాడు. తల కిందికి పోయింది. లేద్దామని చూశాడు. చెయ్యి జారి, ఊడిపోతున్న తలపాగాను పట్టుకోబోయి నుదుటి దాకా పోయింది. అతని ముందర ఉన్నది మేకను పట్టుకుని నిలబడ్డ ఒక ముసలవ్వ. "నాకెందుకు కొడుకా సలాం?" అందామె.

"వంగింది మనిషా, బండా?" అన్నాడు మామ.

"బండే" అన్నాడు పోశెట్టి, ట్యాంకుకు గడ్డం ఆనించే. ఆ తర్వాత అతనే నవ్వాడు. జనం కలిసి నెట్టి బండి స్టార్ట్ చేశారు. నెట్టేటప్పుడు ప్రతివాడూ వంగాడు. నేను లెక్కపెట్టలేదు గానీ చూశాను.

తన అల్లుడు దొరకు వంగేవాడు కాదని మామ ఒక్క మాట కూడా విడిగా చెప్పలేదు. చెప్పకుండానే నన్ను కాపాడాడు. నేను మాత్రం ఆయన తువ్వాలకు ఆ మాత్రం న్యాయం చేయలేదు.

సిరిసిల్లలో కిక్ రాడ్‌ను వంచి సరిచేసి బండి అప్పగించాను. సలీం దాని చుట్టూ మూడుసార్లు తిరిగి, "కమాల్ ఉస్తాద్!" అన్నాడు. తర్వాత నన్ను చూసి, "దిగినవ్ గద, ఇంక లేవొచ్చు" అన్నాడు.

లేవడానికి వస్తేగా! నడుము పట్టేసింది. బస్సులో కోరుట్ల దాకా వంగే వచ్చాను. ఎదురుపడ్డ ప్రతివాడూ కంగారుపడి నాకు దండం పెట్టాడు. రాజవ్వ గుమ్మంలోనే చూసి అడిగింది, "ఎవలకు గంత మర్యాద?"

"మీ నాయినకు" అన్నాను. "సంచి సదురుకో. పోదాం."

మరుసటి రోజు బస్సు దిగి మామ ఇంటికి పోయాం. అలవాటు కొద్దీ మా అత్త, "వంగు అల్లు..." అని, ఇంకా వంగే ఉన్న నన్ను చూసి ఆగిపోయింది. నేను అట్లాగే దర్వాజలోంచి లోపలికి నడిచాను. ఇన్నేళ్లలో మొదటిసారి నెత్తికి ఏమీ తగలలేదు.

పెరట్లో కాళ్లు కడుక్కుంటున్న మా మామ అక్కడి నుంచే కేక వేశాడు.

"రాజవ్వా, ఒక్కదానివే వచ్చినవా బిడ్డా? అల్లుని చప్పుడు రాలే!"